కొత్తగా వచ్చిన అబ్బాయికి నాకంటే రెండున్నర వేలు ఎక్కువ

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయట పెట్టొద్దన్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది.

ఆమెకు 29 ఏళ్లు. కావలిలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ చదివి, తర్వాత డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి 2018లో పాసయ్యారు. అప్పటి నుంచి నెల్లూరు పొగతోటలో ఒకే ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నారు. 9 వేలతో చేరితే ఇప్పుడు 16,500 వస్తోంది. పొద్దున ఆరున్నరకల్లా ల్యాబు తెరవాలి. మధ్యాహ్నం రెండున్నర దాకా డ్యూటీ. వారంలో మూడు రోజులు మళ్లీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా ఉండాలి. భర్త కృష్ణపట్నం వైపు ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేస్తారు. నాలుగేళ్ల పాపను అత్తగారు చూసుకుంటారు.

మూడు నెలల కిందట ఆ ల్యాబులో బీఎస్సీ ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీ) చదివిన ఒక అబ్బాయి చేరాడు. మెషిన్ క్యాలిబ్రేట్ చెయ్యడం, పసిబిడ్డకు నరం దొరకబుచ్చుకోవడం అతనికి ఈమే నేర్పారు. పోయిన నెల జీతాల రోజు ఆ అబ్బాయి ఫోనులో మెసేజ్ కళ్లబడింది, 19 వేలు. ఓనర్‌ని అడిగితే, "ఏందమ్మా, నువ్వు కూడా లెక్కలు చూస్తే ఎట్టా? నువ్వు మనింటి బిడ్డవి గదా. ఆ పిల్లోడిది డిగ్రీ, వాడుంటే రేపు ఎన్‌ఏబీఎల్ పని సులువవుద్ది" అన్నారట. ఎన్‌ఏబీఎల్ అంటే ల్యాబుల నాణ్యతకు ఇచ్చే జాతీయ గుర్తింపు. 2021లో ఈమె తండ్రికి గుండె ఆపరేషన్ అయితే 80 వేలు వడ్డీ లేకుండా ఇచ్చింది కూడా ఆ ఓనరే. జీతంలో కోయించుకుంటూ రెండేళ్లలో తీర్చేశారు. చేరినప్పుడు తీసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇంకా ఆయన బీరువాలోనే ఉన్నాయి.

భర్త మానెయ్యమంటున్నారు. అన్నం పెట్టిన చేతిని మరవొద్దని అత్తగారు అంటున్నారు. కువైట్‌లో ఉన్న అన్న అక్కడికి రమ్మంటున్నాడు. ఒంగోల్లో ఒక కన్సల్టెన్సీ అతను కాలేజీకి పోనక్కర్లేకుండా 60 వేలకు బీఎస్సీ ఎంఎల్‌టీ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. మరిది రొయ్యల ల్యాబు మాట ఎత్తాడు. ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగం, బుచ్చిలో సొంత ల్యాబు కూడా ఆమె మనసులో ఉన్నాయి. "మా పనికి జీతం ఎవరు నిర్ణయిస్తారు, దేన్ని బట్టి? నేను అడగడం తప్పా?" అన్నది ఆమె ప్రశ్న. అన్నీ రాసి, చివర ఒక్క లైను చేర్చారు: "రాత్రి రిపోర్టులు డాక్టరు గారి స్కాన్ సంతకంతో నేనే పంపుతాను, ఆ బాధ్యత పూర్తిగా తీసుకుంటే ఇంకో రెండు వేలు ఇస్తానంటున్నారు."

అమ్మా,

ఆ చివరి లైను దగ్గరే నేను ఆగిపోయాను. మీరు దాన్ని చిన్న విషయంలా రాశారు గానీ, మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసింది అక్కడే. ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే సంతకం పెట్టాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. వారానికి రెండుసార్లు వచ్చిపోయే డాక్టరు చూడని రిపోర్టు మీద ఆయన సంతకం అతికించి పంపుతున్నది మీ చెయ్యి. ఒక పొటాషియం రిపోర్టు తప్పు పోయి ఎవరికైనా ఏమన్నా అయితే, పంపింది ఎవరని కంప్యూటరులో చూస్తారు. అక్కడ మీ లాగిన్ ఉంటుంది. ఓనర్ 'మనింటి బిడ్డ' అన్న మాట ఆ రోజు వినిపించదు.

కాబట్టి ఆ రెండు వేలను జీతం పెంపుగా లెక్కేసుకోకండి. "డాక్టరు గారు ఫోనులో చూసి ఓకే అన్నాకే పంపుతాను, ఆయన ఓకే అన్నట్టు మెసేజ్ ఉండాలి" అని మెత్తగా చెప్పండి. సిస్టమ్‌లో డాక్టరే తన లాగిన్‌తో ఎక్కడి నుంచైనా రిపోర్టు చూసి వదిలే ఏర్పాటు చాలా ల్యాబుల్లో ఉంది. ఎన్‌ఏబీఎల్‌కు వెళ్లాలనుకునే ల్యాబు ఎలాగూ ఈ పద్ధతికి రావాల్సిందే, ఓనర్‌కి ఆ కోణంలో చెబితే తొందరగా ఎక్కుతుంది.

ఇక జీతం సంగతి. నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆస్పత్రి ల్యాబుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సాలీ ట్యూబులో రంగు పోల్చి హిమోగ్లోబిన్ చెప్పిన తరం మాది. అప్పట్లో చెయ్యి తిరిగినవాడికే విలువ ఉండేది, ఎందుకంటే మనిషి కళ్లే మెషిన్. ఇప్పుడు సీబీపీ (రక్తకణాల లెక్క) నిమిషంలో అనలైజరు ఇచ్చేస్తుంది. ఓనర్ దృష్టిలో ఆ మీట నొక్కేవాళ్లు ఎవరైనా ఒకటే. ఆయన ఆలోచన తప్పే. శాంపిల్ హీమోలైజ్ అయిందని, అంటే ఎర్రకణాలు పగిలిపోయాయని చూపుతోనే పట్టుకునేది, ప్లేట్‌లెట్లు అనుమానంగా పడిపోతే మెషిన్‌ని నమ్మకుండా గాజుపలక మీద స్మియర్ వేసి చూసేది మీలాంటివాళ్లే. కానీ ఆ పట్టుకున్న తప్పులు ఎక్కడా రాసి ఉండవు. రాసి లేని దానికి డబ్బు ఇమ్మంటే ఎవరికీ చెయ్యి రాదు.

మన ఊళ్లలో ప్రైవేటు ల్యాబు టెక్నీషియన్ జీతం ఎన్ని ట్యూబులు పెట్టారన్న దాన్ని బట్టి ఉండదు. రోగి కట్టిన డబ్బులో పరీక్ష రాసిన డాక్టరుకు పోయే వాటా ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ తర్వాత రీఏజెంట్లు, మెషిన్ కంపెనీకి కట్టేది, పొగతోట అద్దె. వీటిలో దేన్నీ ఓనర్ తగ్గించలేడు. తగ్గించగలిగింది మీ జీతం ఒక్కటే. ఈయన చెడ్డవాడు కాబట్టి తగ్గిస్తున్నాడని నేను అనను. మీరు వెళ్లరని నమ్మకం ఉంది కాబట్టి తగ్గిస్తున్నాడు. ఆ అబ్బాయికి 19 వేలు ఎందుకిచ్చారు? అంతకు తక్కువైతే వాడు చేరడు కాబట్టి. ఎన్‌ఏబీఎల్ దరఖాస్తులో స్టాఫ్ అర్హతలు చూపాలి కాబట్టి. ఆ కుర్రాడు మీకు అన్యాయం చెయ్యలేదు, వాడి మీద కోపం పెట్టుకోకండి. నిజానికి వాడి ఫోను చూడకపోతే మీకు ఈ సంగతే తెలిసేది కాదు.

80 వేల గురించి మీ అత్తగారు అన్నది కొట్టిపారెయ్యను. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ రోజు డబ్బు తెచ్చి చేతిలో పెట్టిన మనిషిని ఎవరూ మర్చిపోరు. కానీ ఆ డబ్బు మీరు తీర్చేశారు. ఆయన ఇంట్లో శుభకార్యమైతే ముందు నిలబడి పని చెయ్యండి, కష్టమొస్తే పరుగెత్తండి. నెల జీతం వేరే పద్దు. దీన్ని దాన్లో కలిపి రాస్తే మీ జీవితమంతా బాకీ తేలదు.

ఇప్పుడు మీ చేతిలో ఏమున్నాయో చూద్దాం. దేనికైనా ముందు ఒరిజినల్స్ బయటికి రావాలి. అవి లేకుండా మీరు ఏ దారి పట్టినా రెండో మలుపులోనే ఆగిపోతారు. గొడవ పెట్టుకోకండి. "నోటిఫికేషన్ పడితే వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ అడుగుతారు, ఇంట్లో పెట్టుకుంటాను సార్" అనండి, అది అబద్ధం కూడా కాదు. నోటితో అడిగిన రోజే వాట్సాప్‌లో కూడా ఒక మెసేజ్ పెట్టండి, తేదీ మిగులుతుంది. మీ సర్టిఫికెట్లు పట్టుకు కూర్చునే హక్కు ఆయనకు లేదు. ఇవ్వకుండా తిప్పుకుంటే జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్లకు అక్కడ లాయరు సాయం ఉచితం. అక్కడి దాకా పోవాల్సి రాదనే అనుకుంటున్నాను. ఎన్‌ఏబీఎల్ మీద మనసు పడ్డ ఓనర్ లాయరు నోటీసు కోరుకోడు. అవి చేతికొచ్చాక పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటి వరకుందో కూడా చూసుకోండి. ఏళ్ల తరబడి ఒకచోటే ఉన్నవాళ్లు దాన్ని మర్చిపోతారు.

ఉన్నచోటే ఉండి అడగడం ఒక దారి. ఈ మూడు నాలుగు నెలలు అందుకు మంచి సమయం. ఎన్‌ఏబీఎల్ అంటే గోడకు తగిలించే సర్టిఫికెట్ కాదు, రోజూ క్యూసీ (మెషిన్ సరిగ్గా చూపుతోందో లేదో చూసే పరీక్ష) వెయ్యాలి, చార్టు గీయాలి, తేడా వస్తే ఎందుకొచ్చిందో రాయాలి, ఎవరికి ఏ పని వచ్చో ఫైలు పెట్టాలి. ఏడేళ్లుగా ఆ మెషిన్ల గుణం తెలిసిన మీరు ఇప్పుడు వెళ్లిపోతే ఆ పని కుంటుపడుతుంది. "వాడికి ఇచ్చినంత నాకూ ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు, ఆయన మళ్లీ డిగ్రీ ఊసెత్తుతాడు. క్యూసీ బాధ్యత నాకు రాతపూర్వకంగా ఇవ్వండి, సీనియర్ టెక్నీషియన్ అని లెటర్ ఇవ్వండి, జీతం 22 వేలు చెయ్యండి, బ్యాంకులో వెయ్యండి అని అడగండి. బేరంలో 20 దగ్గర ఆగినా, ఆ లెటర్ మాత్రం వదలకండి. రేపు ఇంకెక్కడికి పోయినా మీ ఏడేళ్లకు సాక్ష్యం ఆ కాగితమే.

ఇంకో మాట. మీ ల్యాబులో ఊడ్చే ఆమెతో సహా 14 మంది ఉన్నారని రాశారు. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది, జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకి. మీ జీతంలో ముప్పావు శాతం, అంటే 124 రూపాయలు కోస్తారు. ఓనర్ మూడుంపావు శాతం, 536 కట్టాలి. నాన్నగారి ఆపరేషన్ నాటికి మీకు ఈఎస్ఐ ఉండి ఉంటే, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం దొరికేది. ఆ 80 వేల అప్పు అవసరమయ్యేదో లేదో మీరే ఆలోచించుకోండి. మీరు 22 వేలు అడిగి అదే ఒప్పుకుంటే ఈఎస్ఐ పరిధి దాటుతారు. అది కూడా లెక్కలో పెట్టుకుని ఏది మేలో చూసుకోండి. పీఎఫ్‌కి 20 మంది ఉండాలి కాబట్టి అక్కడ అడిగి లాభం లేదు. గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుకి ఇచ్చే సొమ్ము, మాత్రం మీకు వచ్చినట్టే. అయిదేళ్లు దాటాయి. 16,500ని 26తో భాగించి, 15తో, ఏడేళ్లతో గుణిస్తే 66 వేలు దాటుతుంది. కోపంతో రేపే మానేసినా ఇది మీ హక్కు. అయితే మీరు ఏడేళ్లు అక్కడ పనిచేసినట్టు రుజువుండాలి. జీతం ఇన్నాళ్లూ చేతికిచ్చారో, ఫోనులో వేశారో మీరు రాయలేదు. ఫోనులో వేసి ఉంటే స్టేట్‌మెంట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

మానేసి కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లడం మీ భర్త చెప్పే దారి. పీఎఫ్, ఈఎస్ఐ, పేస్లిప్ అన్నీ ఉంటాయి. నైట్ డ్యూటీలూ ఉంటాయి. మొదట చేతికి వచ్చేది ఇప్పటికంటే పెద్దగా ఎక్కువుండకపోవచ్చు. రాత్రి డ్యూటీ దిగి తెల్లారి బుచ్చి బస్సెక్కి వచ్చాక పాప నిద్రలేచే వేళవుతుంది. అది అత్తగారితో ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి. ఈ దారిలో వెళ్తే ఒక సలహా. బయోకెమిస్ట్రీ, సీబీపీ కౌంటరులో మళ్లీ కూర్చోకండి. బ్లడ్ బ్యాంకులో గానీ మైక్రోబయాలజీలో గానీ చోటు అడగండి. బ్లడ్ బ్యాంకు లైసెన్సు నిబంధనల్లో టెక్నీషియన్ అర్హత రాసి ఉంటుంది. డిగ్రీ వాళ్లకైతే ఆరు నెలలు, డిప్లొమా వాళ్లకైతే ఏడాది, రక్త పరీక్షల్లోనో కాంపొనెంట్ల తయారీలోనో అనుభవం ఉండాలి. ఆ అనుభవం ఉన్న మనిషి లేకుండా వాళ్లు లైసెన్సు నడపలేరు. అలాంటి చోట జీతం అడిగేటప్పుడు గొంతు కాస్త పెద్దదవుతుంది. మీ మరిది చెప్పిన రొయ్యల ల్యాబు కూడా తీసిపారేసేది కాదు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బును పట్టుకోవడానికి పీసీఆర్ పరీక్ష చేసే చోట్ల చెయ్యి నేర్చుకోవచ్చు. కాకపోతే రొయ్యల ధర పడినప్పుడు ఆ ల్యాబులకూ గిరాకీ పడుతుంది.

ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగం గురించి మీరు రెండు లైన్లే రాశారు. నేనైతే మీ శక్తి ఎక్కువ ఇక్కడ పెట్టమంటాను. 2022 పీఆర్సీ (వేతన సవరణ) తర్వాత కాంట్రాక్టు నోటిఫికేషన్లలో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2కి నెలకు 32,670 ఇస్తూ వచ్చారు. అంటే మీ జీతానికి దాదాపు రెట్టింపు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద అయితే 23 వేల చిల్లర. రాతపరీక్ష ఉండదు, మార్కుల లెక్క. నూటికి 75 మీ డీఎంఎల్‌టీ మార్కులకి. పాసైన తర్వాత గడిచిన ఒక్కో ఏడాదికి ఒక్కో మార్కు, పదికి మించకుండా. మిగిలిన 15 ఇప్పటికే ప్రభుత్వంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద చేసినవాళ్లకి. మీకు 70 శాతం వచ్చిందనుకుందాం. 52.5, ఏడేళ్లకి ఏడు, మొత్తం 59.5. మీతో పాటే పాసై, అవే మార్కులొచ్చి, నాలుగేళ్లు పల్లెటూరి పీహెచ్‌సీలో చేసినామెకు 74.5. పొగతోటలో మీరు చేసిన ఏడేళ్ల చాకిరీకి ఇక్కడ ఒక్క మార్కు కూడా రాదు. చదువుతుంటే మీకు బాధేస్తుందని తెలుసు, అయినా తెలియాలి.

ఆ 15 మార్కుల్లోనే ఇంకో కిటుకుంది. ఆరు నెలల సర్వీసుకి పట్టణంలో ఒక మార్కు, పల్లెలో రెండు, గిరిజన ప్రాంతంలో రెండున్నర. నెల్లూరు అర్బన్ హెల్త్ సెంటర్లో చేస్తే 15 నిండటానికి ఏడున్నరేళ్లు పడుతుంది. ఉదయగిరి దాపుల ఏ పీహెచ్‌సీలోనో చేస్తే నాలుగేళ్లు. అందుకని 23 వేల పల్లె ఉద్యోగం దొరికితే దూరమని వదిలెయ్యకండి. బుచ్చి నుంచి ఆత్మకూరు దారి మీకు అందుబాటులోనే ఉంది. అయితే కాంట్రాక్టు అంటే ఏడాదికోసారి పొడిగింపు, జీతం రెండు మూడు నెలలు ఆలస్యం కావడం కూడా మామూలే. నిబంధనలు ప్రతి నోటిఫికేషన్‌లో కొద్దిగా మారతాయి, పూర్తిగా చదివాకే దరఖాస్తు పెట్టండి.

ఇప్పుడు మీరు 'వేస్టయిపోయిన మూడేళ్లు' అన్న బీజెడ్‌సీ. నాకైతే ఉత్తరంలో అన్నిటికంటే విలువైన ముక్క అదే అనిపించింది. రైల్వే పారామెడికల్ పోస్టుల్లో ల్యాబ్ అసిస్టెంట్‌కు లెవెల్ 3, మూలవేతనం 21,700. ల్యాబ్ సూపరింటెండెంట్‌కు లెవెల్ 6, మూలవేతనం 35,400. రెండోదానికి బీఎస్సీ ఎంఎల్‌టీయే కావాలని లేదు. కెమిస్ట్రీ, బయాలజీ ప్రధానంగా ఉన్న మామూలు బీఎస్సీకి డీఎంఎల్‌టీ తోడైనా చాలని 2024 నోటిఫికేషన్‌లో ఉంది. మీ దగ్గర రెండూ ఉన్నాయి. ఆశ మరీ పెంచను. ఆ ఏడాది దేశం మొత్తానికి ఆ పోస్టులు 27, అసిస్టెంట్ పోస్టులు 94. కంప్యూటర్ పరీక్ష, వంద ప్రశ్నల్లో 70 మన సబ్జెక్టు మీదే, తప్పుకు మూడో వంతు మార్కు కోత. రోజూ బస్సులో గంట చదివినా పోయేదేం లేదు. వచ్చేసారి వయసు పరిమితి ఎంతో చూసుకోండి.

ఒంగోలు కన్సల్టెన్సీ అతనికి 60 వేలు ఇవ్వకండి. ఇందులో మాత్రం ఇది లేకపోతే అది అని చెప్పను. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇలాంటి వైద్య అనుబంధ కోర్సులు నడపకూడదని యూజీసీ 2025లో యూనివర్సిటీలకు చెప్పింది. ఆ కాగితం ఎక్కడైనా వెరిఫికేషన్‌కి పోతే, మీ నిజమైన డీఎంఎల్‌టీని కూడా అనుమానంగా చూస్తారు. నిజంగా బీఎస్సీ ఎంఎల్‌టీ కావాలంటే మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, కాలేజీలో కూర్చుని చెయ్యాలి. నాలుగేళ్లు జీతం లేకుండా, నాలుగేళ్ల పాపతో. మీకు బీజెడ్‌సీ ఉంది కాబట్టి ఇది అంత అవసరమని నాకనిపించట్లేదు.

కువైట్ మాట అన్నయ్య ప్రేమతో అన్నాడు. గల్ఫ్‌లో ఎక్కడైనా సర్టిఫికెట్లన్నీ మూలం దాకా తనిఖీ చేస్తారు, అనుభవం లెటర్ మీద ఉన్న నంబరుకు ఫోన్ కూడా చేస్తారు. లెటరే లేని అనుభవంతో అక్కడికి పోలేరు. కాబట్టి అది ఇప్పటి నిర్ణయం కాదు, ఓనర్ లెటర్ ఇచ్చాక ఆలోచించాల్సింది. బుచ్చిలో సొంతంగా ల్యాబు పెట్టడం గురించి ఒక్క ముక్కే: రాష్ట్రంలో 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, సంతకానికి డాక్టరు కావాలి, రాసే డాక్టర్లకు వాటా ఇవ్వను అని కూర్చుంటే మొదటి ఏడాది ఎవరు పంపుతారో మీరే చెప్పండి.

అడగడం తప్పా అన్నారు కదా. కాదు. కానీ అడిగే రోజు ఏడవకండి, ఆ అబ్బాయి పేరెత్తకండి. ఓనర్ ఒక్కరే ఉన్నప్పుడు, మధ్యాహ్నం శాంపిళ్లు తగ్గాక కూర్చుని మాట్లాడండి. ఆయన వారం గడువు అడిగితే ఇవ్వండి. ఆ వారంలో రెండు మూడు ఆస్పత్రులకు బయోడేటా ఇచ్చి రండి. కాదన్నా పోయేచోటు ఉందని తెలిస్తే మీ గొంతులో వణుకు తగ్గుతుంది.

మీ డీఎంఎల్‌టీ మార్కుల శాతం ఉత్తరంలో లేదు. మెమో కూడా ఆ బీరువాలోనే ఉందేమో. చేతికి రాగానే శాతం చూసి నాకు రాయండి, మెరిట్ లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.